మా తోట 22ఏ జాబితాలో ఎందుకుందని అడిగితే, "ఎందుకు" అని అడగకూడదట

తోతాపురి · మార్చి 3, రాత్రి 9.10

అందరికీ నమస్కారం. తిరుపతిలో బట్టలు కుట్టే చిన్న దుకాణం నడుపుతున్నాను. మా సొంతూరు పుత్తూరు వైపు. ఊరి పేరూ మండలం పేరూ రాయను. నాన్న రోజూ ఆ మండల కార్యాలయం ముందు నుంచే నడిచి వెళ్లాలి.

మాకు ఎకరా పన్నెండు సెంట్ల మామిడి తోట ఉంది. చెట్లు తాత నాటినవి. పాసుపుస్తకం ఉంది, భూమి యజమానుల రికార్డు 1బిలో నాన్న పేరుంది, ఆ భూమి మీద బ్యాంకు రెండుసార్లు పంట రుణం కూడా ఇచ్చింది. సంక్రాంతి తర్వాత దాన్ని నా పేరిట దానపత్రం రాసిద్దామని నాన్న రిజిస్ట్రేషన్‌కు వెళ్లారు. సర్వే నంబరు కొట్టగానే కంప్యూటర్ ఆగిపోయింది. ఆ నంబరు మొత్తం 22ఏ నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషన్ చట్టం సెక్షన్ 22ఏ కింద రిజిస్టర్ చేయకూడని భూముల జాబితా), ప్రభుత్వ భూమి కింద ఉందట. సాక్షి సంతకాలకు వచ్చిన ఇద్దరికీ టీ తాగించి పంపేసి ఇంటికొచ్చారు. ఆ రోజు నుంచి తోటకు నీళ్లు కట్టడానికి కూడా మనసు రావడం లేదంటున్నారు.

నేను సమాచార హక్కు చట్టం కింద కలెక్టరేట్‌కు పదకొండు ప్రశ్నలు పంపాను. మా భూమిని ఎందుకు చేర్చారు, నోటీసు ఎందుకివ్వలేదు, బాధ్యులెవరు, వారిపై ఏ చర్య తీసుకుంటారు, ఇలాంటివి. ఇరవై తొమ్మిదో రోజున జవాబు వచ్చింది. రెండే వాక్యాలు. మీరు అడిగినవి 2(ఎఫ్) నిర్వచనం ప్రకారం సమాచారం కిందికి రావు. ఇబ్బంది ఉంటే అర్జీ పెట్టుకోవచ్చు.

నా భూమి గురించి నేను ఎందుకని అడగకూడదా?

నీవా_ఒడ్డు · మార్చి 3, రాత్రి 9.34

చిత్తూరు నుంచి సానుభూతి. పది రూపాయల ఫీజుకు రెండు వాక్యాలు వచ్చాయి, వాక్యం అయిదు రూపాయలు. గిట్టుబాటే.

స్వర్ణముఖి_ఇసుక · మార్చి 3, రాత్రి 9.50

నీవా అన్నా, ఆమె బాధలో ఆమె ఉంది.

తోతాపురి గారూ, రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో నిషేధిత ఆస్తుల జాబితా చూశారా? ఊరు ఎంచుకుంటే సర్వే నంబరు పక్కన ఏ క్లాజు కింద పెట్టారో కనిపిస్తుంది. 22ఏలో ఏ నుంచి ఈ దాకా అయిదు క్లాజులున్నాయి. మీది ఏదో ముందు తెలియాలి.

తోతాపురి · మార్చి 3, రాత్రి 10.22

ఇప్పుడే చూశాను. 22ఏ(1)(బి). విస్తీర్ణం గడిలో సర్వే నంబరు మొత్తం పడింది, సబ్ డివిజన్ (నంబరులోని ఏ ముక్కో చెప్పే) గడి ఖాళీ.

పాత_దస్త్రం · మార్చి 4, ఉదయం 5.40

అమ్మా, నేను రెవెన్యూలో ముప్పై రెండేళ్లు పనిచేసి చిత్తూరులోనే విశ్రాంతి తీసుకుంటున్నాను. సబ్ డివిజన్ గడి ఖాళీ అని మీరు రాసిన ముక్క చదివాక నాకు నిద్ర పట్టలేదు. ఎందుకో చివర చెబుతాను.

ముందు మీ పదకొండు ప్రశ్నల సంగతి. కోపంతో రాసినవి అవి, తప్పు పట్టడం లేదు. అయితే ఈ చట్టం అధికారిని బోను ఎక్కించి ప్రశ్నించడానికి పనికిరాదు. కార్యాలయంలో ఉన్న కాగితం బయటికి తెప్పించడానికి పనికొస్తుంది. 2(ఎఫ్)లో చెప్పినదంతా అదే: రికార్డులు, మెమోలు, ఉత్తర్వులు, లాగ్ పుస్తకాలు, అభిప్రాయాలు, నమూనాలు. అప్పటికే ఉన్నదాన్ని ఇవ్వాలి, లేనిదాన్ని మీకోసం కొత్తగా తయారు చేయనక్కర్లేదు. సుప్రీంకోర్టు 2010లో మన రాష్ట్రం నుంచే వెళ్లిన ఒక కేసులో ఈ మాట చెప్పింది. ఆ దరఖాస్తుదారు న్యాయాధికారి ఫలానా తీర్పు ఎందుకిచ్చారని అడిగాడు. దస్త్రంలో కారణాలు రాసి ఉంటే వాటి నకలు పొందవచ్చు, ఎందుకు అలా అనుకున్నారని అడగడం కుదరదని కోర్టు చెప్పి పంపింది.

కాబట్టి "ఎందుకు చేర్చారు" అనే ప్రశ్నను కాగితంగా మార్చండి. ఫలానా గ్రామం, ఫలానా సర్వే నంబరును 22ఏ(1)(బి) కింద చూపుతూ జిల్లా యంత్రాంగం రిజిస్ట్రేషన్ శాఖకు పంపిన జాబితా నకలు. దాన్ని పంపిన లేఖ, దాని ఆర్.సి. నంబరు (దస్త్రం నంబరు), తేదీ. ఆ జాబితా తయారీకి మండలం నుంచి వెళ్లిన ప్రతిపాదన. దానికి సంబంధించిన నోట్ ఫైలు, అంటే అధికారులు దస్త్రంలో రాసుకున్న వ్యాఖ్యలు. నాలుగు చాలు. కారణం వాటిలో ఉంటే బయటపడుతుంది. లేకపోతే, లేదు అన్న సంగతే మీ చేతికి లిఖితపూర్వకంగా వస్తుంది. రెండోది వస్తే ఇంకా మంచిది.

మరో దరఖాస్తు మండల కార్యాలయానికి వేయండి. అక్కడ ప్రాథమిక రికార్డు అడగాలి. చాలామంది ఆర్‌ఎస్‌ఆర్ అని రాస్తారు, అంటే పాత రీసెటిల్‌మెంట్ రిజిస్టరు. మీ వైపు చాలా గ్రామాలు కార్వేటినగరం జమీందారీ కింద ఉండేవి. 1948 ఎస్టేట్ల రద్దు చట్టంతో ప్రభుత్వం స్వాధీనం చేసుకుని సెటిల్‌మెంట్ చేసిన ఊళ్లలో ఉండేది సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్, ఎస్‌ఎఫ్‌ఏ అంటాం. ఆర్‌ఎస్‌ఆర్ అడిగితే "మా వద్ద లేదు" అని జవాబిస్తారు, అది అబద్ధమూ కాదు. అందుకే "ఆర్‌ఎస్‌ఆర్ లేదా ఎస్‌ఎఫ్‌ఏ లేదా డైగ్లాట్, ఏది అందుబాటులో ఉంటే దాని సంబంధిత పుట" అని రాయండి. డైగ్లాట్ అంటే రెండు భాషల్లో రాసిన పాత రిజిస్టరు. ఎఫ్‌ఎంబీ (పొలం కొలతల పుస్తకం) పటం నకలు కూడా అడగండి.

ఇక నిద్ర పట్టని సంగతి. పెద్ద సర్వే నంబరులో ఒక ముక్క చెరువు పోరంబోకో, వాగో, బాటో ఉంటుంది. మిగతాది పట్టా. జాబితాలు కంప్యూటర్‌లోకి ఎక్కించిన రోజుల్లో పక్క గడి నింపడానికి ఓపిక లేక నంబరు మొత్తం కొట్టేసినవి నా కళ్లతో చూశాను. అప్పుడు నోరు మెదపలేదు. ఇప్పుడు పింఛను తీసుకుంటూ చెబుతున్నాను.

నీవా_ఒడ్డు · మార్చి 4, ఉదయం 7.15

పెద్దాయన చివరి రెండు వాక్యాలకు దండం. ఇలాంటి నిజాయతీ ఈ వేదికలో అరుదు.

అయినా నా అనుమానం నాకుంది. కాగితం చేతికొస్తే నిర్ణయం మారుతుందా? జాబితాలోంచి తీసేసేది మళ్లీ ఆ కార్యాలయమే కదా.

న్యాయశాస్త్రం_ఐదో_ఏడు · మార్చి 4, ఉదయం 9.03

పాత_దస్త్రం గారి మీద గౌరవంతోనే ఒక చోట విభేదిస్తాను. "ఎందుకు" అన్నది పూర్తిగా అడగకూడనిది కాదు. ఇదే చట్టంలో 4(1)(డి) ఉంది. పరిపాలనా నిర్ణయాలకైనా, అర్ధ న్యాయ నిర్ణయాలకైనా ప్రభావితులైన వారికి కారణాలు తెలపడం ప్రభుత్వ సంస్థ బాధ్యత. అడిగితే ఇవ్వమని కాదు, తానుగా ఇవ్వాలి. దారిన పోయేవారు వేరు, ఈమె వేరు. భూమి ఈమె కుటుంబానిది. "4(1)(డి) ప్రకారం ప్రభావిత వ్యక్తి కుమార్తెగా" కాదు, నేరుగా నాన్నగారి పేరుతోనే దరఖాస్తు వేస్తే ఆ మాట బలంగా నిలుస్తుంది.

22ఏ విషయంలో 2015లో ఉమ్మడి హైకోర్టు ఫుల్ బెంచ్ తీర్పు కూడా ఉంది. (ఈ) క్లాజుకు గెజిట్ నోటిఫికేషన్ తప్పనిసరి. ఏ నుంచి డి దాకా నోటిఫికేషన్ అక్కర్లేదు, అధికారులు జాబితా పంపితే చాలు. మీది (బి) కనుక గెజిట్ ఏదని అడిగి ప్రయోజనం లేదు, జాబితానే పట్టుకోవాలి.

పాత_దస్త్రం · మార్చి 4, ఉదయం 9.40

బాబూ, 4(1)(డి) నాకు తెలుసు. దాన్ని చూపించి కారణం రాబట్టినవారు నా సర్వీసులో ఒక్కరూ ఎదురుపడలేదు. చట్టంలో ఉండటం వేరు, పీఐఓ (దరఖాస్తులకు జవాబిచ్చే సమాచార అధికారి) బల్ల మీద పనిచేయడం వేరు. అయినా ఒక వాక్యం చేర్చడంలో నష్టం లేదు. నాలుగు కాగితాలు అడిగిన తర్వాత, అయిదోదిగా పెట్టండి. మొదట పెడితే దాన్ని పట్టుకుని మిగతావి తిరస్కరిస్తారు.

తండ్రి పేరుతో వేయమన్నది మాత్రం సరైన సలహా. నాకు తట్టలేదు.

పీఐఓ_నే · మార్చి 4, మధ్యాహ్నం 1.30

భోజనం బల్ల దగ్గర నుంచి రాస్తున్నాను. పేరుకు తగ్గట్టే నేను ఒక కార్యాలయంలో పీఐఓని. ఏ శాఖో చెప్పను.

మా వైపు మాట కూడా వినండి. నాకు ఈ పనికి వేరే జీతం లేదు, వేరే గుమస్తా లేడు. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడినప్పుడు చిత్తూరు నుంచి దస్త్రాలు పెట్టెల్లో వచ్చాయి. కొన్ని వచ్చాయి, కొన్ని అక్కడే ఉన్నాయి, కొన్ని రెండుచోట్లా లేవు. ఒకాయన నాకు ఒక్క నెలలో నలభై దరఖాస్తులు వేశాడు. పదేళ్ల లెక్కలు, తాను గీసిన పట్టికలో నింపి ఇవ్వాలట. నింపాక ఫోన్ చేసి "మాట్లాడుకుందామా" అన్నాడు. దానికేమంటారు?

తోతాపురి గారి మొదటి దరఖాస్తు నా బల్ల మీదికి వచ్చినా ఇంచుమించు అదే జవాబు ఇచ్చేవాణ్ని. పాత_దస్త్రం గారు రాసిన నాలుగు అంశాలు వస్తే మాత్రం తప్పించుకునే దారి లేదు. వెతకాల్సిందే.

నీవా_ఒడ్డు · మార్చి 4, మధ్యాహ్నం 1.52

"మాట్లాడుకుందామా" అన్నవాణ్ని పోలీసులకు పట్టించారా, లేక మాట్లాడుకున్నారా?

పీఐఓ_నే · మార్చి 4, మధ్యాహ్నం 2.05

పై అధికారికి రాతపూర్వకంగా పెట్టాను. నకలు కావాలంటే పది రూపాయలు పంపండి.

నీవా_ఒడ్డు · మార్చి 4, మధ్యాహ్నం 2.06

ఒప్పుకున్నాను. ఈసారి మీదే గెలుపు.

స్వర్ణముఖి_ఇసుక · మార్చి 4, సాయంత్రం 6.45

పీఐఓ గారూ, ఆ నలభై దరఖాస్తుల బాధ నిజమే. కానీ సెక్షన్ 4 ప్రకారం కార్యాలయాలు తమంతట తామే పెట్టాల్సిన పదిహేడు అంశాలు పెట్టి, ఏటా సరిదిద్దుతూ ఉంటే సగం దరఖాస్తులు పుట్టవు. చట్టం 2005లో వచ్చింది. ఇప్పటికీ కొన్ని వెబ్‌సైట్లలో బదిలీ అయి పదేళ్లయిన అధికారి ఫోన్ నంబరే ఉంది.

నా అనుభవం ఒకటి చెబుతాను. 2021 నవంబరు వానలకు మా వైపు ఇళ్లలోకి మోకాలి లోతు నీళ్లు వచ్చాయి. తర్వాత మా వీధికి కాలువ కట్టారు. నిరుడు చిన్న వానకే నీళ్లు వెనక్కి తన్నాయి. ఎందుకని ఎవరినీ అడగలేదు. ఎస్టిమేటు, ఎం-బుక్ (జరిగిన పని కొలతల పుస్తకం) నకళ్లు అడిగాను, పనిని కొలుచుకుని చూసే అవకాశం అడిగాను. 2(జె)లో పని తనిఖీ కూడా ఉంది, చాలామందికి తెలియదు. ఎం-బుక్‌లో కాలువ లోతు మూడడుగులు. టేపు పట్టుకుంటే రెండడుగుల రెండంగుళాలు. ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) గారు టేపు వైపు చూశారు, నేను ఏఈ గారి వైపు చూశాను. ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు. నెల తిరక్కుండా మనుషులొచ్చి కాలువను మళ్లీ తవ్వారు.

వేదిక_నిర్వాహకుడు · మార్చి 4, రాత్రి 8.00

అందరికీ మనవి. అధికారుల పేర్లు, ఫోన్ నంబర్లు, జవాబు లేఖల ఫొటోలు పెట్టవద్దు. ఇప్పటికే రెండు వ్యాఖ్యలు తీసేశాను. చర్చ బాగా సాగుతోంది, సాగనివ్వండి.

తోతాపురి · మార్చి 9, రాత్రి 9.30

రెండు దరఖాస్తులు నాన్న పేరుతో వేశాను. కలెక్టరేట్‌కు పది రూపాయల కోర్టు ఫీజు స్టాంపుతో, మండలానికి అయిదు రూపాయల స్టాంపుతో. పల్లె స్థాయి కార్యాలయమైతే ఫీజే లేదని దుకాణానికి వచ్చిన ఒక వకీలమ్మ చెప్పింది. ఆమె జాకెట్టుకు కొలతలు తీసుకుంటూ నేను సెక్షన్లు అడిగాను, నవ్వింది.

మండలానికి పంపినదాంట్లో రికార్డును కళ్లారా చూసే అవకాశం కూడా కోరాను. పోస్టాఫీసులో రిజిస్టర్డ్ పోస్టు అంటే ఇప్పుడది స్పీడ్ పోస్టులో కలిసిపోయిందన్నారు. రసీదులు రెండూ దాచాను.

నాన్న సంతకం పెట్టే ముందు నాలుగు అంశాలూ నాతో రెండుసార్లు చదివించుకున్నారు. "ఇందులో మనం తిట్టింది ఎక్కడుంది?" అన్నారు. లేదన్నాను. ఆయనకు నచ్చలేదు.

మంగళగిరి_బస్సు · మార్చి 10, ఉదయం 6.20

ఆ రసీదులు భద్రం. నేను వాటితోనే బతికాను. నా కథ చిన్నది. పీఐఓ జవాబివ్వలేదు, మొదటి అప్పీలు అధికారి పలకలేదు, రాష్ట్ర కమిషన్‌కు రెండో అప్పీలు వేశాను. విచారణ పిలుపు వచ్చేసరికి నేను అడిగిన విషయం సగం పాతబడింది. చిత్తూరు నుంచి మంగళగిరికి రాత్రి బస్సెక్కి వెళ్లాను. విచారణ ఏడెనిమిది నిమిషాలు. కాగితాలు మాత్రం వారం లోపు ఇంటికొచ్చాయి.

రెండు తప్పులు చేశాను, మీరు చేయవద్దు. సెక్షన్ 18 కింద ఫిర్యాదు వేసి సమాచారం ఇప్పించమన్నాను. ఫిర్యాదుపై జరిమానా వేయగలరు, సమాచారం ఇప్పించలేరు. దానికి 19(3) కింద అప్పీలే మార్గమని సుప్రీంకోర్టు 2011లోనే మణిపూర్ కేసులో తేల్చింది. ఇక రెండోది, జరిమానా పడుతుందని ఆశపడ్డాను. రోజుకు 250 చొప్పున 25,000 దాకా వేయవచ్చని చట్టం చెబుతుంది. నా కేసులో హెచ్చరికతో సరి.

న్యాయశాస్త్రం_ఐదో_ఏడు · మార్చి 10, ఉదయం 8.48

జరిమానా పడినా అది ఖజానాకే వెళ్తుంది, మనకు కాదు. నష్టం జరిగిందని చూపగలిగితే 19(8)(బి) కింద పరిహారం అడగవచ్చు.

నా ఘనకార్యం కూడా ఒకటి ఉంది. రెండో ఏడులో ఒక పేపరు తప్పాను. 2011 సుప్రీంకోర్టు తీర్పు తర్వాత జవాబు పత్రం చూసుకోవడం మన హక్కు. నకలు తెప్పించుకుని చూస్తే అయిదో ప్రశ్నకు మార్కే వేయలేదని తేలుతుందని ధీమాగా ఉన్నాను. వేశారు. రెండు మార్కులు. నేను రాసింది చదువుకుంటే రెండు కూడా ఎక్కువే అనిపించింది.

తోతాపురి · మార్చి 27, మధ్యాహ్నం 3.15

కలెక్టరేట్ నుంచి ఉత్తరం. సంబంధిత దస్త్రం జిల్లా విభజనకు ముందుది, చిత్తూరులో ఉండవచ్చు, కాబట్టి దరఖాస్తును అక్కడికి బదిలీ చేశామని. నాన్న దీన్ని కూడా తిరస్కారమే అనుకుని మంచం ఎక్కారు.

పీఐఓ_నే · మార్చి 27, సాయంత్రం 5.40

నాన్నగారిని మంచం దిగమనండి. ఇది మంచి ఉత్తరం. తమ దగ్గర లేని సమాచారమైతే అయిదు రోజుల్లో సంబంధిత కార్యాలయానికి పంపి మీకు తెలపాలని 6(3) చెబుతుంది. చాలామంది "మీరే అక్కడ అడుక్కోండి" అని తిప్పి పంపుతారు. వీళ్లు పంపించారు. అయిదు రోజులు దాటినట్టుంది, ఆ లెక్క ఇప్పుడు తీయకండి.

తోతాపురి · ఏప్రిల్ 14, రాత్రి 10.05

మండలం నుంచి ఉలుకూ పలుకూ లేదు. ముప్పై రోజులు దాటాయి. నాన్న వెళ్లి అడిగితే "తపాలా సెక్షన్‌లో ఉంది" అన్నారట. తర్వాత ఒకరు ఇంటికొచ్చి, ఊరివాళ్లం కదా, ఈ కాగితాలన్నీ ఎందుకు, నోటితో అడిగితే చెప్పమా అన్నారు. బెదిరింపేమీ కాదు. అయినా అమ్మ ఆ రాత్రి అన్నం తినలేదు.

మంగళగిరి_బస్సు · ఏప్రిల్ 14, రాత్రి 10.40

అమ్మగారి భయాన్ని తీసిపారేయకండి. 2010లో పుణెలో భూముల అక్రమాలపై సమాచారం తవ్విన సతీశ్ శెట్టిని పొద్దున నడకకు వెళ్లినప్పుడు చంపేశారు. మీది ఆ స్థాయి వ్యవహారం కాదు, ఎవరి కోట్లకూ అడ్డు రావడం లేదు. అయినా ఒంటరిగా కార్యాలయానికి పంపవద్దు. పక్క పొలం ఆసామి నంబరు కూడా అదే సర్వేలో ఉంటే ఆయనకూ ఇదే సమస్య ఉంటుంది. తోడు తీసుకెళ్లండి.

పాత_దస్త్రం · ఏప్రిల్ 15, ఉదయం 5.30

మొదటి అప్పీలు వేయండి. మండలంలో సాధారణంగా డిప్యూటీ తహశీల్దారు పీఐఓ, తహశీల్దారు అప్పీలు అధికారి. ఫీజు లేదు. గడువు ముగిసిన నాటి నుంచి ముప్పై రోజుల్లోపు వేయాలి. అర పేజీ చాలు: ఫలానా తేదీన అందింది, జవాబు లేదు, రికార్డు తనిఖీకి తేదీ ఇప్పించండి. 7(6) ప్రకారం గడువు దాటింది కనుక నకళ్లు ఉచితంగా ఇవ్వాలని చివర ఒక వాక్యం.

"దస్త్రం దొరకడం లేదు" అంటే బెదరవద్దు. సెక్షన్ 8లో మినహాయింపులు ఏ నుంచి జె దాకా ఉన్నాయి, దొరకకపోవడం వాటిలో లేదు. ఎలా పోయిందో విచారించి చెప్పమని 2013లో ఢిల్లీ హైకోర్టు చెప్పిన తీర్పు కూడా ఉంది. 1984లో కరణాల వ్యవస్థ రద్దయినప్పుడు చేతులు మారిన దస్త్రాల్లో నిజంగానే కొన్ని పోయాయి. కానీ సెటిల్‌మెంట్ రిజిస్టర్లు అంత తేలిగ్గా పోవు. బరువు ఎక్కువ.

స్వర్ణముఖి_ఇసుక · ఏప్రిల్ 15, ఉదయం 8.10

8(1)(జె) అని వ్యక్తిగత సమాచారం సాకు చెబుతారేమో చూసుకోండి. 2023 డేటా పరిరక్షణ చట్టంతో ఆ క్లాజును కుదించి రాశారు. ప్రజాప్రయోజనం ఉంటే ఇవ్వవచ్చన్న మాట అందులోంచి పోయింది. ఇప్పుడు ఎవరి పేరు కనిపించినా వ్యక్తిగతమే అనేవాళ్లు మొదలయ్యారు. ప్రజాప్రయోజనమే ఎక్కువైతే మినహాయింపు ఉన్నా ఇవ్వవచ్చనే 8(2) మాత్రం అలాగే ఉంది, దాన్ని పట్టుకోవాలి.

పాత_దస్త్రం · ఏప్రిల్ 15, ఉదయం 8.35

సొంత పట్టా భూమి అడుగుతున్నది సొంతదారే కదా. ఇక్కడ ఆ సాకు నిలవదు. తండ్రి పేరుతో వేయడం ఇందుకూ పనికొచ్చింది.

తోతాపురి · మే 1, రాత్రి 11.20

పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

అప్పీలు అందిన పదో రోజున కార్యాలయం నుంచి ఫోన్ వచ్చింది. 28న రండి, రికార్డు చూపిస్తాం అన్నారు. దుకాణం మూసి నేనూ వెళ్లాను. పక్క పొలం మామ కూడా వచ్చారు, ఉతికిన చొక్కా వేసుకుని, పెళ్లికి వచ్చినట్టు.

వెనక గదిలో బీరువా మీద నుంచి అటెండరు ఒక ఎర్రగుడ్డ మూట దింపాడు. ముడి బిగిసిపోయి రాలేదు, పళ్లతో లాగాడు. గుడ్డ విప్పగానే కలరా ఉండల వాసన. పుస్తకం అంచులు చెద తిన్నది కొంత, చేతివేళ్లు తిన్నది కొంత. పుటలు తిప్పుతుంటే బిస్కెట్టులా విరుగుతున్నాయి. డిప్యూటీ తహశీల్దారు గారు కొత్తవారు, మాకంటే ఆయనకే ఆసక్తిగా ఉంది. మా సర్వే నంబరు దగ్గర వేలు పెట్టి ఆగారు.

మూడు వరుసలున్నాయి. ఒకటో సబ్ డివిజన్ పట్టా, మా ముత్తాత పేరు. రెండోది పట్టా, మామ వాళ్ల పెద్దల పేరు. మూడోది చెరువు పోరంబోకు, ఎనభై నాలుగు సెంట్లు. అంతే. పాత_దస్త్రం గారూ, మీరు చెప్పినట్టే.

నాన్న కళ్లజోడు తెచ్చుకోలేదు. ముత్తాత పేరు నేను చదివి వినిపించాను. మళ్లీ చదవమన్నారు. సిరా గోధుమ రంగుకు తిరిగింది, పేరు చివరి అక్షరం తోక పక్క గడిలోకి వెళ్లింది. ఆ తోకను వేలితో తాకబోయి, తాకవచ్చా అని అటెండరును అడిగారు.

మొత్తం గంటా నలభై నిమిషాలు కూర్చున్నాం. మొదటి గంట ఉచితం, తర్వాత ప్రతి పావుగంటకు అయిదు రూపాయలు. అంటే పదిహేను. అయిదు పుటల నకళ్లకు పది. మొత్తం పాతిక. ఇంతవరకు ఎవరూ ఇలా కట్టలేదట, ఏ రసీదు పుస్తకంలో రాయాలో తెలియక ముగ్గురు అరగంట వెతికారు.

న్యాయశాస్త్రం_ఐదో_ఏడు · మే 1, రాత్రి 11.31

గడువు దాటాక 7(6) ప్రకారం ఉచితం! ఆ పాతిక రూపాయలు ఎందుకు కట్టారు?

తోతాపురి · మే 1, రాత్రి 11.38

తెలుసు తమ్ముడూ. నాన్న జేబులోంచి తీసి ఇచ్చేశారు. రసీదు మీద ఆయన పేరు, సర్వే నంబరు రాసి, ముద్ర వేసి ఇచ్చారు. ఈ భూమి విషయంలో ఈ ఏడాది ఆయనకు దొరికిన మొదటి ముద్ర అది. దాన్ని పాసుపుస్తకంలో పెట్టుకున్నారు. నేనేమీ అనలేదు.

నీవా_ఒడ్డు · మే 2, ఉదయం 6.50

రాత్రి చదివి, పొద్దున మళ్లీ చదివాను. మొదటి రోజు వాక్యం అయిదు రూపాయలని వెటకారం చేసింది నేనే. మన్నించండి.

తోతాపురి · మే 23, రాత్రి 9.15

చిత్తూరు నుంచి జవాబు వచ్చింది. జాబితాలో మా ఊరి పుట నకలు, దాన్ని పంపిన లేఖ నకలు. సబ్ డివిజన్ గడిలో గీత గీసి ఉంది. మా ఊరివి తొమ్మిది నంబర్లుంటే తొమ్మిదింటికీ ఒకే గీత, స్కేలు పెట్టి పైనుంచి కిందికి లాగినట్టు. నోట్ ఫైలు, మండల ప్రతిపాదన "అందుబాటులో లేవు" అన్నారు. కారణాల గురించి అడిగిన అయిదో అంశానికి జవాబే లేదు.

పాత_దస్త్రం · మే 24, ఉదయం 5.25

నేను కోరుకున్న జవాబు ఇదే. ప్రతిపాదన లేకుండా జాబితా, కారణం లేకుండా గీత. ఇప్పుడు ఎస్‌ఎఫ్‌ఏ పుట, జాబితా పుట, ఈ జవాబు లేఖ, మూడూ కలిపి మీ నాన్నగారూ మామగారూ విడివిడిగా తిరుపతి కలెక్టరుకు అర్జీలు పెట్టండి. అర్జీలో ఒకే కోరిక: ఒకటి, రెండు సబ్ డివిజన్లను తొలగించి మూడోదాన్ని ఉంచమని. చెరువు ముక్కను ఉంచమని మీరే రాయండి, అది నిజంగా చెరువుదే. ఆ వాక్యం చదివినవారికి మీ మీద నమ్మకం కుదురుతుంది. అర్జీ అందినట్టు రసీదు. పలకకపోతే ఇవే కాగితాలతో హైకోర్టులో రిట్ వేయవచ్చు.

ఆ మిగతా ఎనిమిది నంబర్ల వారికి కబురు చేశారా?

తోతాపురి · మే 24, రాత్రి 8.40

చేశాను. నలుగురు వచ్చారు. ఒకాయన మాత్రం తనదంతా నిజంగానే చెరువులో ఉందని, తన నంబరు ఎక్కడా రాయవద్దని బతిమాలి వెళ్లారు.

నీవా_ఒడ్డు · మే 24, రాత్రి 8.44

ఆ ఒక్కాయనే ఈ చర్చలో నిజాయతీలో పాత_దస్త్రం గారికి సాటి.

తోతాపురి · ఆగస్టు 11, రాత్రి 9.50

చాలామంది అడుగుతున్నారు కాబట్టి రాస్తున్నాను. అర్జీలు జూన్‌లో పెట్టాం. జులై చివరలో సర్వేయరు వచ్చి గొలుసు లాగి కొలిచారు. చెరువు గట్టు వైపు రాళ్లు పాతారు. రిపోర్టు పైకి వెళ్లిందంటున్నారు. వెబ్‌సైట్‌లో మాత్రం ఇవాళ్టికీ నంబరు మొత్తం అలాగే ఉంది. ఆ రిపోర్టు నకలు కోసం నిన్న మళ్లీ దరఖాస్తు వేశాం. ఈసారి నాన్నే రాశారు. మూడే అంశాలు. ఎందుకు అన్న మాట ఒక్కచోట కూడా లేదు. నేను వెతికాను.

తోటకు నీళ్లు కడుతున్నారు.

కొత్తగా_వచ్చాను · ఆగస్టు 12, ఉదయం 10.15

చర్చంతా చదివాను. మాదీ ఇలాంటిదే, పలమనేరు దగ్గర. ఆ అయిదు రూపాయల కోర్టు ఫీజు స్టాంపు ఎక్కడ దొరుకుతుంది? మా ఊరి పోస్టాఫీసులో లేదన్నారు.

పాత_దస్త్రం · ఆగస్టు 12, ఉదయం 10.32

పోస్టాఫీసులో దొరికేది పోస్టల్ ఆర్డరు, అదీ చెల్లుతుంది. స్టాంపు కావాలంటే కోర్టు దగ్గర స్టాంపు వెండర్లను అడగండి. రెండు తీసుకోండి, ఒకటి దరఖాస్తు రాసేటప్పుడు చిరుగుతుంది. మీది ఆర్‌ఎస్‌ఆర్ గ్రామమా, జమీందారీ గ్రామమా ముందు చెప్పండి.